మండువా లోగిలిలో నాలుగు గదులు

కోనసీమ పల్లెల్లో కొన్ని పాత ఇళ్ళు అతిథులకు తలుపులు తెరుస్తున్నాయి. ఇంటివాళ్ళే గది ఇచ్చి, తాము వండుకున్నదే పెట్టి, దగ్గరుండి చూసుకునే బసలివి. అక్కడ దిగినవాళ్ళకు దొరుకుతున్నదేమిటో, ఆ ఇంటి ఆడవాళ్ళకు దక్కాల్సిందేమిటో చూసి రాసిన కథనమిది.

గౌతమికీ వశిష్ఠకూ మధ్యనున్న కోనసీమలోకి ఇప్పటికీ రైలు వెళ్ళదు. కోటిపల్లి నుంచి నరసాపురం దాకా లైను వేయడానికి నదుల్లో స్తంభాలు లేచాయి, పట్టాలు ఇంకా పడలేదు. కాబట్టి ఇక్కడికి వచ్చే అతిథి రాజమండ్రిలోనో పాలకొల్లులోనో దిగి, బస్సో కారో ఎక్కాలి. దిగీ దిగగానే ఫోను మోగుతుంది. "దిగారాండీ? రావులపాలెం దాటాక కాలవని ఎడం చేతి పక్కనే పెట్టుకుని వచ్చెయ్యండి. రావిచెట్టు దగ్గర మావాడు సైకిలేసుకుని నిలబడతాడు. అన్నం తినేసి రాకండేం." గది చూడకముందే, మంచం మీద నడుం వాల్చకముందే, తనకోసం ఒక ఇంట్లో బియ్యం కడుగుతున్నారని ప్రయాణికుడికి తెలిసిపోతుంది. పల్లెలో ఇంటివాళ్ళు నడిపే బసకూ, ఊళ్ళో పెద్ద హోటలుకూ ఉన్న తేడా అంతా ఆ ఫోనులోనే మొదలవుతుందని నా నమ్మకం.

నేను బస చేసిన ఇల్లు వైనతేయ పాయకు దగ్గర్లో, ఏటిగట్టుకు ఇవతల ఉంది. ఊరి పేరూ ఇంటి పేరూ రాయొద్దని ఇంటివాళ్ళు ముందే మాట తీసుకున్నారు. ఉన్నవి నాలుగు గదులు. వాటికి సరిపడా మనుషులు వస్తూనే ఉన్నారు. ఇంకా ఎక్కువమంది ఫోను చేస్తే, దూరం నుంచి ఆశగా అడిగేవాళ్ళకు లేదని చెప్పాల్సి రావడం బాధగా ఉంటుందన్నారు. పేరు రాయించుకోవడానికి ఎంతోమంది తాపత్రయపడే రోజుల్లో ఆ మాట విని, ఈ ఇంటి గురించి రాసి తీరాలనిపించింది.

ఇంటాయనకు మూడెకరాల కొబ్బరితోట ఉంది. ఆయన తల్లి ఊరందరికీ మామ్మగారు. కూతురు బెంగళూరులో ఉద్యోగం, కొడుకు ఇంటర్ చదువుతున్నాడు. అతిథుల వ్యవహారమంతా నడిపేది మాత్రం ఇంటావిడ. గది అద్దె ఎంతో చెప్పేదీ, ఏ పూట ఏం వండాలో తేల్చేదీ, ఫోనులో దారి చెప్పేదీ ఆవిడే. వచ్చినవాళ్ళలో పెద్దవాళ్ళు 'అమ్మాయ్' అంటారు, నడివయసువాళ్ళు 'పిన్నిగారూ' అంటారు, హైదరాబాదు పిల్లలు 'ఆంటీ' అంటారు. అన్ని పిలుపులకూ ఒకటే జవాబు: "ఆయ్, వస్తన్నానండి."

స్తంభాలు లారీ ఎక్కకముందు

నాలుగు వైపులా పెంకు కప్పు లోపలికి వాలి, మధ్యన ఆకాశం కనబడే మండువా ఇల్లు అది. వాన పడితే నాలుగు చూరుల నీళ్ళూ మధ్యనున్న గచ్చు పల్లంలోకి దూకి, తూములోంచి పెరట్లోకి పోతాయి. చుట్టూ టేకు స్తంభాలు, గుమ్మాల మీద చెక్కిన చిలకలు, వీధివైపు పొడుగాటి అరుగు. ఒకప్పుడు కోనసీమలో ఊరూరా కనబడిన ఇళ్ళే. ఇప్పుడు చాలా చోట్ల తాళాలు వేలాడుతున్నాయి. వారసులు హైదరాబాదులోనో డాలస్‌లోనో ఉంటారు. ఏడాదికోసారి సంక్రాంతికి వచ్చి తలుపులు తీసి, బూజు దులిపి, కనుమనాటి ప్రభల తీర్థం చూసుకుని మళ్ళీ తాళం వేస్తారు. కొన్నాళ్ళకు అదీ ఉండదు. పాత కలప కొనేవాళ్ళు వస్తారు. స్తంభాలు, ద్వారబంధాలు, దూలాలు ఊడదీసి లారీ ఎక్కిస్తారు. ఏ నగరంలోనో పల్లెటూరి భోజనం పెడతామనే రెస్టారెంటు గుమ్మానికి అవి తేలతాయి.

ఈ ఇంటి పక్కిల్లు అలాగే పోయింది. ఈ ఇల్లూ పోవలసిందే. 1996 నవంబరు 6 రాత్రి కోనసీమను ఊడ్చేసిన తుపానులో వీళ్ళ తోట మూడొంతులు నేలకొరిగింది. దేశవాళీ కొబ్బరి మొక్క పెడితే ఆరేడేళ్ళకు గానీ కాపు పట్టదు. ఆ ఏళ్ళన్నీ అప్పుతో నడిచాయి. తోట మళ్ళీ నిలబడ్డాక కూడా దింపు కూలి, ఒలుపు కూలి, అంబాజీపేట మార్కెట్లో ధర ఎగుడుదిగుళ్ళు కలిపి చూస్తే, పెంకు సర్దించడానికి కూడా మిగలని సంవత్సరాలున్నాయి. ఏటా వానలకు ముందు పెంకు సర్దించకపోతే దూలానికి తడి పట్టి ఇల్లు లోపల్లోపలే పోతుంది. ఆ పని తెలిసినవాళ్ళు ఇప్పుడు వెతికితే గానీ దొరకరు.

అలాంటి సమయంలో సినిమా షూటింగుకు వచ్చినవాళ్ళు ఒక గది అడిగారు. ఇచ్చారు. భోజనం అడిగారు. పెట్టారు. వెళ్ళేటప్పుడు వాళ్ళిచ్చిన డబ్బు తీసుకోవడానికి ఇంటాయన మొహమాటపడ్డాడట. ఇంటికొచ్చినవాళ్ళ దగ్గర అన్నానికి డబ్బు తీసుకోవడమేమిటని మామ్మగారు రెండు రోజులు ఎవరితోనూ మాట్లాడలేదట. ఇంటావిడ ఆ డబ్బు తీసుకుని పెంకు సర్దించింది. ఆ వానాకాలం పడమటింట్లో ఎక్కడా గిన్నెలు పెట్టాల్సిన అవసరం రాలేదు. తర్వాత ఎవరూ మళ్ళీ ఆ ప్రశ్న గట్టిగా అడగలేదు.

నాలుగు గదులు సిద్ధం చేయడంలో అన్నిటికన్నా కష్టమైంది స్నానాల గదులు. పాత ఇళ్ళలో పడగ్గదిని ఆనుకుని స్నానాల గది ఉండదు. పెరట్లో గాబు, పక్కన పొయ్యి మీద నీళ్ళ కాగు, కాస్త దూరంలో దొడ్డి. నగరంనుంచి వచ్చినవాళ్ళకు అర్ధరాత్రి పెరట్లోకి నడవడం కష్టం, ముసలివాళ్ళకు మరీ కష్టం. ధాన్యం గాదె ఉండే గదినీ, పాత సామాన్ల గదినీ విడగొట్టి స్నానాల గదులు కట్టారు. డెల్టా నేల కాబట్టి కొద్ది లోతుకే నీళ్ళు పడతాయి, మరుగుదొడ్డి గుంట ఎక్కడ తవ్వాలి, బావికి ఎంత దూరంలో తవ్వాలి అన్నది తేల్చుకోవడానికే నెలలు పట్టింది. అతిథి చేయి తిప్పగానే వచ్చే వేడినీళ్ళ వెనక ఇంత కథ ఉంది. గదులకు ఏసీలు పెట్టారు గానీ, మండువాకేసి తెరుచుకునే కిటికీలకు మాత్రం అద్దాలు వేయలేదు.

కేంద్ర పర్యాటక శాఖ ఇళ్ళలో బస ఇచ్చేవాళ్ళకోసం పెట్టిన పథకంలో ఒక నియమం నాకు చాలా నచ్చింది. గదులు ఒకటి నుంచి ఆరు దాకానే ఉండాలి, యజమాని కుటుంబం అదే ఇంట్లో కాపురం ఉండాలి. ఆరు దాటితే అది ఇల్లు కాకుండా పోతుందని ఆ నియమం రాసినవాళ్ళకు తెలుసు. ఈ ఇంటావిడ ఇంకా ముందే ఆగింది. వంటింట్లో ఉన్న పెద్ద గిన్నెలో ఎంతమందికి అన్నం ఉడుకుతుందో, అంతమందే అతిథులు.

పులస లేదని చెప్పే ధైర్యం

పొద్దున్నే అరుగు మీద కాఫీ. తర్వాత టిఫిను. ఒకరోజు మినప రొట్టి, అల్లం పచ్చడి. దళసరి మూకుడులో పిండి పోసి మూత పెట్టి, సన్నని సెగ మీద ఓపిగ్గా కాలిస్తే గానీ ఆ రొట్టి అడుగు ఎర్రగా కరకరలాడదు, పైన మెత్తగా ఉండదు. హోటళ్ళలో అది అరుదుగా దొరకడానికి కారణం ఆ ఓపికే. ఇంకోరోజు పెసరట్టు. మధ్యాహ్నం ముద్దపప్పు, ఆవకాయ, ఆవపెట్టిన పనసపొట్టు కూర, మజ్జిగపులుసు. పనస లేని రోజుల్లో కందబచ్చలి. చేపలు తినేవాళ్ళకు రేవులో దొరికినదాన్ని బట్టి ఇగురో పులుసో. సాయంత్రం చలికాలమైతే కాల్చిన తేగలు, ఎండాకాలమైతే ముంజలు, శ్రావణ భాద్రపదాల్లో తాటిపండు గుజ్జుతో రొట్టె. వెళ్ళేవాళ్ళ చేతిలో ఆత్రేయపురం పూతరేకులు పెడతారు. బోర్లించిన కుండ మీద బియ్యపు పిండి నీళ్ళతో రేకు తీసే ఆ పనికి 2023లో భౌగోళిక గుర్తింపు దక్కింది.

ఇందులో జాబితా ఏదీ లేదు. ఏం కావాలని ఇక్కడ ఎవరూ అడగరు, ఏం పడదని అడుగుతారు. బీపీ ఉన్నాయనకు ఉప్పు తగ్గించి విడిగా తీసిపెట్టడం, చంటిపిల్లకు పప్పన్నంలో నెయ్యి ఎక్కువ వేసి కలిపివ్వడం, ఉల్లి తినని గుజరాతీ దంపతులకు వేరే మూకుడు పెట్టడం నేను చూశాను. ఒక బెంగాలీ జంట కొబ్బరినూనె వాసనొస్తుందేమోనని భయపడుతూ వచ్చారు. ఇక్కడ వంట నువ్వులనూనెతోనూ వేరుశెనగ నూనెతోనూ అని తెలిశాక, తమతో తెచ్చుకున్న ఆవనూనె సీసా ఇంటావిడకిచ్చి, తమ చేప కూర ఎలా వండుతారో చూపించారు. ఆ పూట ఇంట్లో అందరూ అదే తిన్నారు. మామ్మగారు మాత్రం ఆ ఘాటు తనకు పడదని నిక్కచ్చిగా చెప్పి పెరుగు వేసుకున్నారు.

పులస సంగతి ప్రత్యేకంగా చెప్పాలి. బంగాళాఖాతంలో ఉన్నంతకాలం అది ఇలస. గోదావరికి ఎర్రనీరు తగిలాక, ఆ వరదకు ఎదురీది నదిలోకి వచ్చినది పులస. జూలై నుంచి సెప్టెంబరు దాకా ఆ కాలం. పుస్తెలమ్మైనా తినాలనే సామెత పుణ్యమా అని, ఏ నెలలో వచ్చిన అతిథి అయినా అడిగేది అదే. డిసెంబరులో వచ్చిన ఒక బృందం ఎంత ఖర్చయినా సరే పులస కావాలని పట్టుబట్టింది. ఇంటావిడ లేదంది. పక్క ఊళ్ళో దొరుకుతుందని ఎవరో చెప్పారన్నారు. "అది సముద్రం చేపండి. ఐసులో పెట్టి తెస్తారు. దానికి పులస డబ్బులు తీసుకోలేనండి" అంది. ఆ పూట కొరమీను పులుసు పెట్టింది. కాలంలో అయితే ముందురోజే మట్టికుండలో పులుసు కాచి, బెండకాయలు వేసి, ఆవకాయ నూనె తగిలించి, రాత్రంతా ఊరనిచ్చి మర్నాడు వడ్డిస్తుంది. అందుకే ఒక్కపూట ఉండి వెళ్ళిపోయేవాళ్ళకు పులస మాటివ్వదు. అతిథి అడిగిందల్లా ఇవ్వడమే మర్యాద అనుకునే వ్యాపారం చాలా ఉంది. ఉన్నదున్నట్టు చెప్పి కాదనడంలోని మర్యాద ఎక్కువ నిలుస్తుంది. ఆ బృందంలో ఇద్దరు మళ్ళీ ఆగస్టులో వచ్చారు.

నోటుపుస్తకంలో రాసినవి

ముందు గదిలో గోడ అలమరలో బళ్ళో పిల్లలు వాడే పొడుగు నోటుపుస్తకం ఒకటి ఉంది. వెళ్ళేవాళ్ళు తోచింది రాస్తారు. తెలుగు, ఇంగ్లీషు, తమిళం, హిందీ, ఒకచోట ఫ్రెంచి. రాత్రి భోజనాలయ్యాక ఇంటావిడ అనుమతితో అదంతా చదివాను. గదుల గురించి రాసినవాళ్ళు చాలా తక్కువ. దుప్పట్లు శుభ్రంగా ఉన్నాయని ఒకరిద్దరు. మిగతావన్నీ మనుషుల గురించీ తిండి గురించీ, అక్కడ గడిచిన ఏదో ఒక గంట గురించీ.

అమెరికాలో ముప్ఫై ఏళ్ళున్న దంపతులు రాసిన పేజీ దగ్గర నేను చాలాసేపు ఆగాను. ఆయన పుట్టిపెరిగింది ఇలాంటి ఇంట్లోనే, ఇక్కడికి దగ్గర్లోనే. అన్నదమ్ముల పంపకాల్లో ఆ ఇల్లు అమ్ముడుపోయింది, ఆ చోట ఇప్పుడు కల్యాణమండపం ఉంది. ఏసీ గది తీసుకుని కూడా ఆయన మొదటి రాత్రి అరుగు మీద నవారు మంచం వేయించుకుని పడుకున్నాడట. తన పిల్లలకు ఇల్లు చూపించలేకపోయినా ఇల్లు ఎలా ఉండేదో చూపించగలిగానని రాశాడు. కింద ఆయన కూతురు ఇంగ్లీషులో, నాన్న ఇంతసేపు మాట్లాడటం తానెప్పుడూ చూడలేదని రాసింది.

ఒంటరిగా వచ్చిన ఒక ఆడపిల్ల రాసింది వేరేలా ఉంది. అంతకుముందు బస చేసిన చోట్ల రాత్రి తలుపుకు కుర్చీ అడ్డం పెట్టుకుని పడుకునేదట. ఇక్కడ మామ్మగారు తన గది పక్కనే మంచం వేసుకుని, తెల్లవారేదాకా దగ్గుతూ ఉండటం విని నిశ్చింతగా నిద్రపోయానని రాసింది. ఇంటివాళ్ళు అదే కప్పు కింద ఉండాలన్న నియమానికి ఇంతకన్నా సమర్థన అక్కర్లేదు.

ఫిర్యాదులూ ఉన్నాయి. దోమలు. వానాకాలం కప్పల గోల. తెల్లవారకముందే గుడి మైకు. సాయంత్రం కరెంటు పోయి ఇన్వర్టరు ఏసీని మొయ్యలేకపోవడం. టిఫిను తొమ్మిదిన్నరకే ముగించేస్తారని ఒకరు, పాలు నేరుగా గేదెవి కావడంతో పిల్లలు తాగలేదని ఒకరు. ఇంటావిడ వాటిని జాగ్రత్తగా చదివి, చేతనైనవి సరిదిద్దింది. కిటికీలకు దోమతెరలు వచ్చాయి. గుడి మైకు విషయం మాత్రం గది ఖాయం చేసుకునేటప్పుడే ఫోనులో చెప్పేస్తుంది, ధనుర్మాసంలో మరీ ముందే లేస్తుందని కూడా. చెప్పాక వచ్చినవాళ్ళెవరూ దాని గురించి రాయలేదు. నాకు తెలిసినంతవరకు చిన్న బసల మీద వచ్చే కోపాల్లో సగం, ముందే చెప్పకపోవడం వల్ల వచ్చేవే.

వరదలప్పుడు మాత్రం చెప్పగలిగిందేమీ ఉండదు. గోదావరి వరద అంటే ఇక్కడ 1986 ఆగస్టు లెక్కలోనే మాట్లాడతారు. ధవళేశ్వరం దగ్గర 35 లక్షల క్యూసెక్కులు దాటిన ఏడు అది. 2022 జూలైలో 25 లక్షలు దాటి లంకలు మునిగాయి. గట్టు ఇవతలున్న ఈ ఇంటికి నీళ్ళు రాలేదు గానీ దారులు తెగాయి. అప్పుడు నాలుగు గదుల్లోనూ లంకనుంచి వచ్చిన బంధువులూ, దింపు తీసేవాళ్ళ కుటుంబాలూ ఉన్నారు. ముందే డబ్బు కట్టినవాళ్ళకు ఆ డబ్బు తిరిగి పంపారు. ఒకరు తమకు పంపొద్దని, దాంతో బియ్యం కొనమని చెప్పారట. అది కూడా నోటుపుస్తకంలోనే, ఇంటాయన చేతిరాతలో ఉంది.

సీతమ్మ, పూటకూళ్ళమ్మ

ఈ ఇంటికి కొద్ది దూరంలోనే లంకల గన్నవరం. డొక్కా సీతమ్మ ఊరు. 1841లో పుట్టి 1909 దాకా బతికిన ఆ ఇల్లాలు, వేళ కాని వేళ ఏటి ఒడ్డుకు చేరిన ప్రతి బాటసారికీ అన్నం పెట్టింది. వైనతేయ మీద గన్నవరం దగ్గర కట్టిన అక్విడక్టుకు ఆమె పేరు, రాష్ట్రంలో బడిపిల్లల మధ్యాహ్న భోజనానికి ఆమె పేరు. ఊరికే పెట్టిన అన్నానికి మనం ఇచ్చుకున్న గౌరవమది. ఆ గౌరవం న్యాయమైనదే, అందులో నాకు సందేహం లేదు.

కానీ డబ్బు తీసుకుని అన్నం పెట్టిన ఆడవాళ్ళను మనం ఎలా చూశాం? పూటకూటి ఇళ్ళు మనకు కొత్త కాదు. క్రీడాభిరామంలో ఓరుగల్లు వీధులు తిరిగిన మిత్రులిద్దరూ ఒక్క రూకకు కర్పూరభోగి అన్నం, గోధుమ పిండివంటలు, కొత్త నెయ్యి, పప్పు, నాలుగైదు కూరలు, గడ్డపెరుగు పెట్టే ఇంటి గురించి చెప్పుకుంటారు. 1830 మే నెలలో మద్రాసు నుంచి బయలుదేరి మరుసటి ఏడు సెప్టెంబరులో తిరిగొచ్చిన ఏనుగుల వీరాస్వామయ్య తన కాశీయాత్రలో, ఏ ఊళ్ళో దిగడానికి చోటుంది, ఏ ఊళ్ళో సరుకులు దొరుకుతాయి అని మజిలీ మజిలీకీ రాసుకున్నాడు. దారిన పోయేవాడికి దిగే చోటు ఎంత పెద్ద సంగతో ఆ పుస్తకం చదివితే తెలుస్తుంది. అయినా ఆ వృత్తి చేసిన మనిషికి మన సాహిత్యంలో దక్కిన స్థానం చూడండి. గురజాడ కన్యాశుల్కంలో పూటకూళ్ళమ్మ సొంత కష్టంతో బతుకుతున్న వితంతువు. గిరీశం ఆమె అన్నం తిన్నాడు, ఆమె డబ్బు వాడుకున్నాడు. నాటకమంతా వెతికినా ఆమెకొక పేరు లేదు. గురజాడ ఆనాటి సమాజాన్ని ఉన్నదున్నట్టు చూపించాడు. ఆమెను పేరుపెట్టి పిలవాలని ఆ ఊళ్ళో ఎవరికీ తోచలేదు.

జపాన్‌లో అవాజు అనే వేడినీటి బుగ్గల ఊళ్ళో హోషి అనే సత్రం ఉంది. క్రీస్తుశకం 718లో మొదలైందని వాళ్ళ చరిత్ర, 46 తరాలుగా ఒకే కుటుంబం నడుపుతోంది. అక్కడి సత్రాలలో ఇంటావిడను ఒకామి అంటారు. వచ్చినవాళ్ళను గుమ్మంలో ఎదుర్కొనేదీ, సేవలు సరిగా జరుగుతున్నాయో లేదో చూసేదీ ఆమే. ఆ పదవికి అత్తగారు కోడల్ని ఏళ్ళ తరబడి తయారు చేస్తుంది. అది నైపుణ్యమున్న వృత్తి అని దేశమంతా ఒప్పుకుంది. మన దగ్గర అదే పని చేసే ఆడమనిషిని ఇంకా 'ఇంట్లోనే ఉంటారా?' అని అడుగుతున్నాం.

పాత సత్రాల గురించి మాట్లాడేటప్పుడు దాచకూడని సంగతి ఇంకొకటుంది. ఆ సత్రాల్లో, తర్వాత వచ్చిన కాఫీ హోటళ్ళలో ఎవరు ఎక్కడ కూర్చోవాలో కులం చెప్పేది. కొందరికి గుమ్మం దాటే వీలే లేదు. ఇంటి బస అన్నాక ఆ ప్రశ్న మళ్ళీ వంటింటి గడప దగ్గరికి వస్తుంది. ఈ ఇంట్లో ఇంటావిడతోపాటు వండేది పేటనుంచి వచ్చే ఒక ఆమె. పనసపొట్టు కూర రుచి నిజానికి ఆమె చేతిది. ఒకసారి వచ్చినవాళ్ళు వండేదెవరు, ఇంటిపేరేమిటి అని ఆరా తీశారట. "మా ఇద్దరి చేతి వంటానండి ఇది. ఇష్టమైతే కూర్చోండి" అంది ఇంటావిడ. వాళ్ళు కూర్చోలేదు. కట్టిన డబ్బు వెనక్కి తీసుకుని వెళ్ళిపోయారు. మామ్మగారు కూడా ఆ చేతి అన్నం ఇప్పటికీ తినరు, తనకు కావలసింది తానే వండుకుంటారు. కోడలు ఆవిడతో వాదం పెట్టుకోలేదు. అతిథుల పొయ్యి మాత్రం తన ఇష్టప్రకారమే నడుపుతోంది. ఒకే ఇంట్లో రెండు కాలాలు పక్కపక్కనే వండుకుంటున్నాయి. ఏది నిలుస్తుందో ఆ ఇంటర్ చదివే కుర్రాణ్ణి చూస్తే తెలుస్తుంది. ఆ వంటావిడ కొడుకూ అతనూ వడ్డన పూర్తయ్యాక ఒకే బల్ల దగ్గర కూర్చుని తింటారు.

లెక్కలో లేని జీతం

ఇంటావిడ నాలుగున్నరకు లేస్తుంది. వాకిలి చిమ్మి ముగ్గేసి, డికాషను దించి, పిండి చూసుకుంటుంది. అతిథుల టిఫిన్లు, ఇంట్లోవాళ్ళ క్యారేజీలు, మధ్యాహ్నం వంట, గదులు ఊడ్పించడం, దుప్పట్లు ఉతికించి ఆరవేయించడం, సాయంత్రం కాఫీలు, రాత్రి భోజనాలు. రైలు ఆలస్యమై పదకొండింటికి చేరినవాళ్ళకోసం అన్నం వేడిగా ఉంచడం. విదేశీయులొస్తే 24 గంటల్లోగా ఆ వివరాలు ఆన్‌లైన్‌లో ప్రభుత్వానికి పంపాలి, ఆ పనీ ఆవిడదే. కూతురు నేర్పింది. వచ్చినవాళ్ళు కబుర్లు చెబుతుంటే నవ్వుతూ వినాలి, అదీ పనే. అందరికన్నా చివర పడుకునేది ఆవిడ.

ఇంటాయన ప్రతి నెలా లెక్క రాస్తాడు. పాలు, గ్యాసు, కూరగాయలు, చేపలు, కరెంటు, వంటావిడ జీతం, చాకలి ఖర్చు. మిగిలింది లాభం. ఒక సెలవులో కూతురు ఆ పుస్తకం తిరగేసి, "నాన్నా, ఇందులో అమ్మ జీతం ఏదీ?" అని అడిగింది. ఇంటాయన చాలాసేపు జవాబు చెప్పలేదట. ఆయన మంచివాడు, ఇంటావిడను గౌరవించేవాడు. ఇన్నాళ్ళూ ఆ వరుస తన కళ్ళకు కనబడలేదని నాతో నిజాయితీగా చెప్పాడు. ఆ నెలనుంచి లెక్కలో మొదటి వరుస ఆవిడదే. ఆ డబ్బు ఆవిడ పేరున ఉన్న ఖాతాలో పడ్డాకే మిగతా లెక్క. అది కలిపితే పాత అద్దె గిట్టుబాటు కాదని తేలింది. అద్దె పెంచారు.

పెంచాక బేరాలు మొదలయ్యాయి. "ఇంట్లో వండిందే కదండీ" అన్న మాట ఆవిడ ఎక్కువసార్లు విన్నది అప్పుడే. రెస్టారెంటులో బిల్లు చూడకుండా కార్డు ఇచ్చేవాళ్ళు కూడా ఇక్కడికొచ్చేసరికి అన్నం ఖరీదు ప్రశ్నిస్తారు. పల్లెటూరి ఇల్లు చవగ్గా ఉండాలనీ, అమ్మ చేతి వంటకు ధర కట్టకూడదనీ మనలో లోతుగా ఉన్న నమ్మకమది. ఆ నమ్మకం వినడానికి తియ్యగా ఉంటుంది. దాని బరువు మాత్రం నాలుగున్నరకు లేచే మనిషి నడుం మీద పడుతుంది. అతిథి దేవుడని చెప్పుకునే మనం ఆ దేవుడు నిలబడేది ఎవరి చాకిరీ మీదో అడగాలి. ఇలాంటి ఇళ్ళు నిలబడాలంటే, ఆ మండువాలు లారీలెక్కకుండా ఉండాలంటే, బేరం ఆడకుండా డబ్బివ్వడం అతిథి చేయగల మొదటి మంచి పని.

మిగతావి కూడా పెద్ద కష్టమైనవేమీ కావు. వేళకు వస్తామో రామో చెప్పడం. ఎంతమందిమో సరిగా చెప్పడం, నలుగురికని చెప్పి ఎనిమిదిమంది దిగకపోవడం. రాత్రి పాటలు పెట్టి ఊరిని లేపకపోవడం. ఒక పెళ్ళి ముందు ఫోటోల బృందం మామ్మగారి పూజగదిలోకి చెప్పులతో వెళ్ళి దీపాలు సర్దింది. ఇంకో బృందం రేవులో స్నానం చేస్తున్న ఆడవాళ్ళ మీదుగా డ్రోన్ ఎగరేసింది. ఆ సాయంత్రం ఊళ్ళోవాళ్ళు వచ్చి నిలదీసింది అతిథుల్ని కాదు, ఇంటాయన్ని. అతిథి వెళ్ళిపోతాడు, ఆ కుటుంబం అదే ఊళ్ళో బతకాలి. అప్పటినుంచి డ్రోన్లు వద్దని, పూజగదీ వంటిల్లూ పిలిస్తే తప్ప రావద్దని గది ఖాయం చేసేటప్పుడే చెబుతున్నారు. చాలామంది సంతోషంగానే ఒప్పుకుంటున్నారట.

మంగళవారం బస లేదు. సోమవారం మధ్యాహ్నం భోజనాలతో గదులన్నీ ఖాళీ అవుతాయి. బుధవారం పొద్దున్న దాకా ఇల్లు ఇంటివాళ్ళది. ఆవిడ జీతంతోపాటే మొదలైన ఏర్పాటు ఇది. ఆ రోజు ఆవిడ ఆలస్యంగా లేస్తుంది, అమలాపురం వెళ్తుంది, అక్కను చూసొస్తుంది, లేదా ఏమీ చెయ్యదు. నేనక్కడ ఉండగానే ఢిల్లీనుంచి ఒకాయన ఫోను చేశాడు. సోమవారం రాత్రికి చేరతామని, రెట్టింపు ఇస్తామని అన్నాడు. ఇంటాయన ఫోను చేతిలో పట్టుకుని ఆవిడకేసి చూశాడు. ఆవిడ తల అడ్డంగా ఊపి, ఫోను తీసుకుంది.

"మంగళవారం మాకు సెలవండి. ఆ రెండు రాత్రులూ దిండిలో ఉండండి, అక్కడ రిసార్టులున్నాయి, నెంబరిస్తాను. బుధవారం పొద్దున్నే వచ్చెయ్యండి. మినప రొట్టి వేస్తాను. ఎంతమందండీ మీరు? చిన్నపిల్లలున్నారా?"